కొండమీద కొసరు

నూట నలభై రెండో మెట్టు మీద సుబ్బులు కూలబడింది. లెక్క తప్పలేదు, తప్పే మనిషి కాదు. తెనాలి స్టేషన్లో వంతెన మెట్లు నలభై ఏళ్ళపాటు నెత్తిన చేపలగంపతో ఎక్కి దిగిన మనిషి, మెట్టన్నది కనపడితే చాలు నోరు దానంతటదే లెక్కపెడుతుంది, నిద్రలో కూడా పెడుతుందని మొగుడు బతికుండగా నవ్వేవాడు. ఇంకా ఎన్నున్నాయే అని అడిగితే మనవరాలు ఉమామహేశ్వరి ఫోన్లోకి చూసి, మొహం పక్కకి తిప్పుకుని, సగం దాటలేదు మామ్మా అంది. కుడి మోకాలు కొలిమిలా ఉంది. తెనాలి డాక్టరు ఫోటో తీసి, వెలుగుకి పట్టి చూపించి, ఇదిగో ఇక్కడ గుజ్జు అయిపోయిందమ్మా, మెట్లు ఎక్కొద్దు, నేల మీద కూర్చోవద్దు అన్న మోకాలు అది. ఆ రెండూ మానేస్తే ఇక తను చేసే పనేముంది, చేప తోమటం నేలమీదే, అమ్మటం మెట్లెక్కే. అదే అడిగింది డాక్టర్ని. ఆయన నవ్వి మాత్రలు రాశాడు. ఆ మాత్ర పొద్దున వేసుకుంది, ఇప్పుడు దాని జాడ లేదు, ఈ కొరియా కొండ మొదట్లో ఉన్న బుద్ధుడి గుడి దగ్గరే దిగిపోయినట్టుంది.

"పోనీ దిగిపోదామా? కిందనుంచి కూడా సముద్రం బాగానే కనపడుద్ది," అంది ఉమ.

"కిందనుంచి చూసింది చాల్లేదంటావా? అరవై ఎనిమిదేళ్ళు కిందనుంచే చూశా. కాసిని నీళ్ళు ఇటివ్వు."

నీళ్ళు తాగుతూ పైకి చూసింది. చెక్కమెట్లు చెట్లలోకి పోయి మాయమవుతున్నాయి. కొండంటే ఇదా అనుకుంది. పుట్టింది రేపల్లె అవతల ఉప్పునేలలో, మెట్టింది బాపట్ల దగ్గర పాలెంలో, అమ్ముకున్నది తెనాలిలో. ఈ మూడూళ్ళ మధ్యా నేల పీటవేసినట్టు ఉంటుంది, ఎత్తంటే కాలవగట్టు, ఇంకా ఎత్తంటే తెనాలి వంతెన, ఆ పైన తుఫాను షెల్టరు మేడ, అంతే. సముద్రాన్ని తను ఎప్పుడూ తల ఎత్తి చూడటమో, తలకి తల సమానంగా చూడటమో చేసింది గాని, వంగి చూసింది లేదు. ఆయన చూశాడు. నాంచారయ్య పెళ్ళయిన కొత్తలో లైటుహౌసుకి రంగులేసే కూలికి వెళ్ళి, పైకెక్కి చూసొచ్చి, ఆ రోజునుంచీ చచ్చేదాకా అదే చెప్పాడు. "పైనుంచి చూస్తే సముద్రం మన ఈతచాప అంత ఉందే సుబ్బులూ, ఎత్తి చుట్టేసి మూలన పెట్టొచ్చు." కోతలు కొయ్యి, ఎవరు చూడొచ్చారు అనేది తను. నిన్నూ ఎక్కిస్తాలేవే అనేవాడు. వల సీజను అయిపోనీ, పిల్లాడి జ్వరం తగ్గనీ, పడవకి తారు పూయటం అవ్వనీ. అలా అలా నలభై ఏడేళ్ళు అయ్యాక ఒకరోజు పడవకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చాప అంత ఉందో లేదో తేలలేదు. తేల్చుకోవాలి. ఈ కొండెక్కటానికి కారణం ఇది ఒకటి. రెండోది ఇంకోటుంది, అది ఉమకి చెప్పలేదు, కొడుకు నాగశివకీ చెప్పలేదు, విమానంలో మబ్బుల మీద పోతున్నప్పుడు కళ్ళు మూసుకు కూర్చుంది కూడా అందుకే. తీసుకెళ్ళటానికి వచ్చిన ఉమ కిటికీ పక్క సీటు ఇచ్చి చూడు మామ్మా చూడు అంటే చూడలేదు, భయపడుతోందనుకుంది పిల్ల. భయం కాదు. కుర్చీలో కూర్చుని, నడుముకి బెల్టు కట్టించుకుని చూస్తే లెక్కలోకి రాదు. కాళ్ళమీద వెళ్ళి చూడాలి.

నాగశివ ఎంత గోల చేశాడు. ఆ మోకాలితో కొరియా ఏంటమ్మా, దాన్నే సెలవలకి రమ్మందాం అన్నాడు. ఉమ ఇక్కడ చేపల చదువు చదువుతోంది, సర్కారు డబ్బుతో. చేపల చదువేంటే, మన ఇంట్లో నేర్పలేదా అంటే, చేప కడుపులో ఏముందో, ఏ నీళ్ళలో ఏ జబ్బొస్తుందో చదువుతానంది. చదువుకో తల్లీ. కాని ఒకటి, దీనికి మొప్ప ఎత్తి చూడటం తను నేర్పిందే. నాలుగేళ్ళప్పుడు గంప పక్కన కూర్చోపెట్టుకుని, ఎర్రగా ఉంటే నిన్నటిది కాదు, నల్లబడితే మనది కాదు అని. పాస్‌పోర్టు వాళ్ళు వేళ్ళు అద్దమంటే ముద్రలు పడలేదు, చేప పొలుసు గీసీ గీసీ వేళ్ళమీది గీతలు ఎప్పుడో పోయాయి. ఇక్కడ విమానం దిగాక కూడా అదే తంతు, ఆ అద్దాలపెట్టెలో కూర్చున్న అమ్మాయి తన వేలు గుడ్డతో తుడిచి తుడిచి, చివరికి వేలుకేసి, మొహంకేసి చూసి, నవ్వి పంపేసింది. ఏం పర్లేదమ్మా, గీతలు పోయినా మనిషి ఇదే అని తెలుగులోనే చెప్పింది ఆ పిల్లకి.

పొద్దున సంతలోనూ తెలుగే మాట్లాడింది, పని జరిగింది. ఉమ నిన్నే చెప్పింది, రేపు జగల్చి చేపల బజారుకి వెళ్తున్నాం మామ్మా అని. సుబ్బులుకి జగడాలచ్చి అని వినపడింది. ఎవరో లచ్చి అనే ఆవిడ, జగడాలమారి, ఆవిడ పేరే బజారుకి పెట్టేశారనుకుంది, అలాంటి ఆవిడే తెనాలిలోనూ ఒకర్తి ఉండేది. రాత్రంతా ఆవిడ ఎలా ఉంటుందా అని ఆలోచించింది. తీరా వెళితే ఒక లచ్చి కాదు, వంద మంది. అందరూ ఆడవాళ్ళే, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఎర్ర చేతిజోళ్ళు, ఉంగరాల జుట్టు, పీటల మీద కూర్చుని కత్తులాడిస్తూ ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకుంటున్నారు. ఆ వాసన! ఆ నీచు వాసన ముక్కులోకి వెళ్ళేసరికి పదిరోజులుగా ఎక్కడో తప్పిపోయిన తను తనకి దొరికినట్టయింది. సముద్రం వేరు, మాట వేరు, ముక్కులు వేరు, నీచు మాత్రం ఒకటే. ఒకావిడ దగ్గర ఆగి కానాగంత చేప తీసి మొప్ప ఎత్తింది. ఆవిడ కయ్యిమంది. ముట్టుకోకూడదు మామ్మా ఇక్కడ అని ఉమ చెయ్యి లాగబోయింది. సుబ్బులు వదల్లేదు, మొప్ప చూసి, బొటనవేలితో నడ్డి నొక్కి, వాసన చూసి, పక్కన పెట్టేసి, కిందనున్న ఇంకోటి లాగి అది చాలన్నట్టు తల ఊపింది. ఆవిడ కేక మధ్యలో ఆగిపోయింది. పైనున్నది నిన్నటిది, కిందనున్నది ఇవాళ్టిది, ఎందుకలా పేర్చిందో ఆవిడకీ తెలుసు, తనకీ తెలుసు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆవిడ ముందు నవ్వింది.

"పిలవాలంటే ఏమని పిలవాలే ఈవిణ్ణి?"

"ఇమో అంటే చాలు. పిన్ని అని. ఎవరినైనా అలాగే పిలుస్తారు."

"చూశావా, వరసలున్నాయి వీళ్ళకి. మనుషులే."

ఇక కొసరు సంగతి. ఉమ డబ్బులిచ్చేసి, సంచీ అందుకుని, పద మామ్మా అంది. సుబ్బులు కదల్లేదు. సంచీ నోరు తెరిచి పట్టుకుని నిలబడింది. కొసరు ఏదే అంది. ఉమకి మొహం కందిపోయింది, ఇక్కడ అలాంటివి ఉండవు, రేటు రాసి పెట్టారు, అడిగితే బాగోదు, నా పరువు తియ్యకు అని చెవిలో గొణిగింది. కొసరు లేకపోవటమేంటి, అది బేరం కాదు, బేరం అయిపోయిందనటానికి గుర్తు. అమ్మ ఒక్కనాడూ మరిచిపోలేదు, రేపల్లె బండి దిగి తెనాలి వీధుల్లో తిరిగి, చేపలు పోగు వేశాక, డబ్బు కొంగున ముడేశాక, కుడిచెయ్యి మళ్ళీ గంపలోకి వెళ్ళాల్సిందే, గుప్పెడు చిట్టి చేపలు, నెత్తళ్ళు, పైన పడాల్సిందే. ఇంకో గుప్పెడు వెయ్యవే అనేవాళ్ళు కొనేవాళ్ళు. మీ దుంపతెగ అని తిట్టుకుంటూ వేసేది. తిట్టు కూడా కొసరే. అందుకని సుబ్బులు కదల్లేదు, సంచీ ఒకసారి ఊపింది. ఆ లచ్చి సంచీని చూసింది, సుబ్బులుని చూసింది, ఒక్కసారిగా పకపకా నవ్వి పక్కావిడతో ఏదో అరిచి, ఎర్ర చేతిజోడు నిండా వెండిలా మెరిసే నెత్తళ్ళు తీసి సంచీలో పడేసి, 'దొమ్' అంది. కొసరుని దొమ్ అంటారట. ఉమ కూడా ఆవిణ్ణి అడిగే తెలుసుకుంది, రెండేళ్ళనుంచి ఉంటోంది, పుస్తకంలో లేదుట ఆ మాట. సుబ్బులు సంచీ నోరు మూయలేదు. "ఇంకో గుప్పెడు," అంది అచ్చ తెలుగులో. లచ్చి నడుంమీద చేతులేసుకుని, కళ్ళెర్రజేసి, ఒక పావు నిమిషం తిట్టి, అవి తిట్లే, అందులో అనుమానం లేదు, ఇంకో గుప్పెడు వేసింది.

ఆ చేపలే మేడమీది హోటలుకి తీసుకెళ్ళి ఇస్తే కోసి పెట్టారు. పచ్చివి. వండటం మరిచిపోయారేంటే అని అడిగింది. ఎనిమిది కాళ్ళ జీవి ముక్కలు పళ్ళెంలో ఇంకా కదులుతున్నాయి, ఒక ముక్క గిన్నె అంచు పట్టుకుని వదలనంటే వదలనంది, దాని పట్టుదలకి ముచ్చటేసి దాన్ని వదిలేసింది. తలకాయలూ ముళ్ళూ వేసి ఎర్రగా పులుసు పెట్టి తెచ్చారు, అది చేత్తో కలుపుకుని తిన్నది, చింతపండు వెయ్యలేదు పిచ్చిమొహాలు, కారం మాత్రం మనుషులు తినే కారమే. నెత్తళ్ళు వేయించి పెట్టారు. కొసరు నెత్తళ్ళ రుచి డబ్బిచ్చిన చేపకి ఎప్పుడూ రాదు. ఇప్పుడు వాటి త్రేన్పు వచ్చింది, నూట నలభై రెండో మెట్టు మీద, నెత్తళ్ళ త్రేన్పు, దానితోపాటు అమ్మ.

అమ్మ వచ్చాక ఊరికే పోదు. జనం పక్కనుంచి ఎక్కిపోతున్నారు, తన ఈడు వాళ్ళు, తనకంటే పెద్దవాళ్ళు కూడా, పూలపూల చొక్కాలు, చేతుల్లో కర్రలు. ఒక ముసలాయన ఆగి ఆమె మోకాలు నొక్కుకోవటం చూసి, సంచీలోంచి కీరదోసకాయ తీసి సగానికి విరిచి ఇచ్చాడు. తిన్నది. చల్లగా ఉంది. లేచింది. మూడు మెట్లు ఎక్కింది, ఒళ్ళు తూలింది, రెయిలింగు పట్టుకుంది, మోకాలు మళ్ళీ అరిచింది. ఏమైంది ఈ కాళ్ళకి? తెనాలి వంతెనమీద ఇలా తూలలేదే ఏనాడూ, ముప్ఫై శేర్ల బరువు నెత్తినుంటే కూడా, బండి కూత వినపడుతుంటే పరిగెత్తి ఎక్కింది కదా. అక్కడ ఆగిపోయింది ఆలోచన. నెత్తినుంటే కూడా కాదు. నెత్తినుంటేనే. ఈ కాళ్ళు ఏనాడైనా ఖాళీ నెత్తితో మెట్లెక్కాయా? ఎక్కలేదు. దిగటం ఖాళీగా, ఎక్కటం నిండుగా, అంతే వాటికి తెలిసింది. వట్టి తలకాయ ఇటూ అటూ ఊగుతుంటే మెడకి పనిలేదు, మెడకి పనిలేకపోతే నడుము వంగుతుంది, నడుము వంగితే బరువంతా మోకాలి మీదే.

"నీ సంచీ ఇటివ్వవే."

"ఎందుకు మామ్మా? నేను మోస్తున్నాగా."

"అందుకే. ఇవ్వు."

బూట్లు విప్పింది, రెండూ సంచీలో పడేసింది. తువ్వాలు మెలితిప్పి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది, దానిమీద సంచీ. నీళ్ళ సీసాలు, ఉమ చలికోటు, తన బూట్ల బరువు. అయ్యో అందరూ చూస్తున్నారు మామ్మా అంటూనే ఉంది ఉమ. చూడనీ. బరువు దిగగానే, అదే, నెత్తిమీద దిగగానే, మెడ నిలబడింది, మెడ వెనకే నడుము, నడుము వెనకే కాళ్ళు, మూడూ వరసగా, గుర్తొచ్చినట్టు. చేతులు వదిలేసింది. నూట నలభై ఆరు. చెక్క అరికాలికి వెచ్చగా తగిలింది. నూట నలభై ఏడు. మోకాలు ఏదో అనబోయింది, వినలేదు. నూట అరవై, నూట తొంభై, ఇదిగో తెనాలి వంతెన, ఇదిగో మళ్ళీ తెనాలి వంతెన, కింద గుంటూరు బండి వస్తోంది, పక్కకి జరగండి బాబూ తడి గంప, చీరకి నీచు కారుతుంది తల్లీ జరుగు, దొమ్, దొమ్, మెట్టుకొక దొమ్. పైనుంచి దిగుతున్న ఒక ముసలమ్మ, ఎనభై ఉంటాయి, ఆగిపోయింది సుబ్బులుని చూసి. తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గుండ్రంగా తిప్పి చూపించింది, చుట్టకుదురు, చుట్టకుదురే, తర్వాత రెండు చేతులూ ఎత్తి ఇంత గంప అన్నట్టు చూపించింది. మోశావా అమ్మా నువ్వు కూడా? మోశానన్నట్టు తల ఊపింది ఆవిడ. ఇక ఆ మెట్లు లెక్కలోకి రాలేదు.

రాకపోవటానికి ఇంకో కారణం అమ్మ. రెండు వందల పైన మెట్లలో ఎక్కడో అమ్మ పక్కకొచ్చి నడవటం మొదలుపెట్టింది. డెబ్భై ఏడు ఉప్పెన. నాగశివ కడుపులో, ఏడో నెల, పుట్టింటికి వచ్చి ఉంది. సాయంత్రం గాలి, ఆ తర్వాత సముద్రం లేచి నిలబడి నడిచి వచ్చింది ఊళ్ళోకి, తాడిచెట్టంత. అమ్మ తుమ్మచెట్టు ఎక్కించింది, ముళ్ళు ముళ్ళు, ఎక్కవే ఎక్కు అని వెనకనుంచి తోస్తూ, తన చీర విప్పి సుబ్బులుని మానుకి కట్టేసి, నీటి మధ్యలో అమ్మ మొహం, ఒక్క అల. అంతే. సముద్రం తన నెత్తిమీద నిలబడింది ఆ రోజు. ముళ్ళ గాట్లు ఇప్పటికీ మోచేతుల మీద ఉన్నాయి. మూడోనాడు దించారు. ఆ తర్వాత కూడా దానితోనే బతికింది, ఇంకెక్కడికి పోతుంది, ఆయన వల వేసింది అందులోనే, నాగశివ పడవ పోయేది అందులోకే, గంగమ్మా అని పసుపూ కుంకుమా వేసింది, చేతులెత్తి దణ్ణం పెట్టింది. కాని మనసులో ఒక మాట ఉంచుకుంది, ఎవరికీ చెప్పనిది. నా నెత్తి మీద నువ్వు నిలబడ్డావు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నీ నెత్తి మీద నేను నిలబడాలి. నా కాళ్ళతో ఎక్కి.

మెట్లు అయిపోయాయి. రాయి, గడ్డి, గాలి. చీరకొంగు జెండాలా లేచింది. ఉమ వెనకెక్కడో రొప్పుతూ వస్తోంది, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఎవరో చప్పట్లు కొడుతున్నారు, ఆ కీరదోసకాయ ముసలాయన. సుబ్బులు సంచీ దించలేదు. రాతి అంచుదాకా నడిచి, అప్పుడు చూసింది.

ముందు తెలిసింది చూపుకి కాదు, చెవికి. హోరు లేదు. పుట్టిన దగ్గరనుంచి హోరు లేని సముద్రాన్ని ఎరగదు. బాపట్లలో ఇంట్లో పడుకున్నా, పులుసు పెడుతున్నా, పురుడు పోసుకుంటున్నా చెవిలో ఉండేది, తెనాలి వెళితే అది లేక చెవి వెలితిగా ఉండేది. ఇప్పుడు ఎదురుగా అంత ఉంది, కిక్కురుమనటం లేదు. కింద, తన అరికాళ్ళ కింద, ఎంతో కింద, రాళ్ళ దగ్గర తెల్లటి దారప్పోగులా కదులుతున్నది అల. అది అల. తాడిచెట్టంత అల. ఓడలు కందిబద్దల్లా ఉన్నాయి. అటు చివర చాప అంచు కుట్టినట్టు సన్నగా గీత. కళ్ళు చికిలించి కొలిచింది. కాదు, ఈతచాప అంత లేదు, ఎంత అబద్ధాలకోరువయ్యా, పది చాపలుంది, వందుంది. కానీ చుట్టొచ్చు. ఆ మాట మాత్రం నిజం. పట్టుకుని చుట్టి మూలన పెట్టొచ్చు.

"ఎలా ఉంది మామ్మా?" ఉమ పక్కకొచ్చి నిలబడింది. చెమట తుడుచుకుంటూ మామ్మ మొహంలోకి చూసింది. "ఏడుస్తున్నావా?"

"గాలే. మీ తాత అబద్ధం చెప్పాడని తేలింది. సగం."

"సంచీ దించనా?"

"ఉండనీ. బాగుంది."

ఉమ చెయ్యి పట్టుకుంది. ఇది కూడా ఆ రోజు ఆ తుమ్మచెట్టు మీదదే కదా, నాగశివ కడుపులో ఉన్నాడు, నాగశివలో ఇదుంది, ఒక చీర ముడిలో ముగ్గురం. అమ్మ కట్టిన ముడి ఎంత గట్టిది, ఇక్కడిదాకా ఊడలేదు. చూశావా అమ్మా, ఎక్కవే ఎక్కు అన్నావు, ఎక్కాను. తర్వాత సముద్రంతో మాట్లాడింది, పెదవులు కదపకుండా, పొద్దున లచ్చితో మాట్లాడినట్టే. నీ దగ్గర కొన్నా, తిన్నా, అమ్ముకున్నా. నువ్వు అడిగిన ధర ఎవరూ ఇచ్చుకోలేనిది, ఇచ్చుకున్నా. బేరం అయిపోయింది గంగమ్మా. మరి కొసరు ఏది? నలభై ఎనిమిదేళ్ళుగా సంచీ తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

మబ్బు జరిగింది. ఎండ ఒక ఏటవాలు జల్లులా దిగి నీళ్ళమీద ఒకచోట పడింది, ఆ చోటంతా వెండిలా చిటపటలాడింది, ఎవరో ఎర్ర చేతిజోడు నిండా నెత్తళ్ళు తీసి విసిరినట్టు. చిన్న మచ్చ. గుప్పెడు.

సుబ్బులు నడుంమీద చేతులేసుకుంది. నెత్తిమీద సంచీ కదల్లేదు.

"ఇంకో గుప్పెడు వెయ్యవే," అంది పైకే.

వేసింది.